వాడి వయసు పదిహేడే... 1918 నుంచీ!

హీరోకి పదిహేడేళ్లు. ఇవాళా నిన్నా కాదు, 1918 నుంచీ పదిహేడే. ఆ ఏడాది స్పానిష్ ఫ్లూతో షికాగోలో చావు అంచుల దాకా వెళ్తే, ఒక డాక్టరుగారు కొరికి బతికించారు. అప్పట్నుంచి ఊళ్లు మారుస్తూ హైస్కూలు చదువుతూనే ఉన్నాడు. సినిమాలో అయితే వాళ్లింట్లో ఒక గోడంతా గ్రాడ్యుయేషన్ టోపీలే. మన దగ్గర ఒక్క ఇంటర్ పాసవడానికే ప్రాణం పోతుంటే, ఈయన ప్రాణం పోయాక కూడా పాసవుతూనే ఉన్నాడు!

ఎవరి గురించో మీకు అర్థమైపోయుంటుంది. ‘ట్వైలైట్’ ఎడ్వర్డ్ కలెన్. ఆయనే కాదు, ఆయన వెనక పెద్ద క్యూ ఉంది. చలి తగిలితే తోడేలైపోయే కుర్రాడు, స్వర్గం నుంచి వెలివేసిన దేవదూత, శాపం తగిలి పులిగా మారిన రాజకుమారుడు... ఆ పక్కన మనలాంటి ఒక మామూలు అమ్మాయి. ఈ బాపతు పుస్తకాల్నే యంగ్ అడల్ట్ పారానార్మల్ రొమాన్స్ అంటారు. మా పిన్ని మాత్రం ఒక్క మాటలో తేల్చేస్తుంది, ‘దెయ్యాల లవ్‌స్టోరీలు’ అని.

ఆ దెయ్యాల లవ్‌స్టోరీలు నేను చదువుతాను. చదివి ఊరుకోను, రివ్యూలు రాస్తాను. తెలుగులో. మా ఫ్రెండ్స్ గ్రూపులో మొదలైన అలవాటు అది. ‘ఈ వయసులో ఇంకా ఇవేంటి?’ అని అడిగేవాళ్లు ఉన్నారు. ‘ఇలాంటివాటికి కూడా రివ్యూనా?’ అని నవ్వేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి ఎప్పుడూ ఒకే జవాబు చెప్తాను. అవార్డులొచ్చిన నవలకి రివ్యూ లేకపోయినా పెద్ద నష్టం లేదు, దాన్ని చదివేవాళ్లు ఎలాగూ నాలుగుసార్లు ఆలోచించుకునే చదువుతారు. కానీ పదహారేళ్ల పిల్ల దుప్పటి కింద ఫోన్ వెలుతుర్లో రాత్రి రెండింటి దాకా చదివే పుస్తకానికి మాత్రం రివ్యూ కావాలి. ఎందుకంటే ఆ పిల్ల దాన్ని కథలా చదవదు, కల కంటున్నట్టు చదువుతుంది.

ఫిజిక్స్ అట్ట వెనక వాంపైర్

నేను మొదట చదివింది 2010లో, విజయవాడలో ఇంటర్ హాస్టల్లో ఉండగా. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులు తెలుసుగా? ఔటింగ్ ఇచ్చిన ఆదివారం ఎంసెట్ బిట్ బ్యాంక్ కొందామని వెళ్లి, దాంతోపాటు ఒక నల్ల అట్ట పుస్తకం తెచ్చుకున్నాం. అట్ట మీద తెల్లటి రెండు చేతులు, చేతుల్లో ఎర్రటి ఆపిల్. నలుగురం తలా కొంత వేసుకుని కొన్నాం. దానికి ఫిజిక్స్ గైడు అట్ట తొడిగి, స్టడీ అవర్లో వంతులవారీగా చదివాం. మా ఇంగ్లిష్ అంతంతమాత్రమే. ఒకమ్మాయి డిక్షనరీ పట్టుకునేది, ఒకమ్మాయి వార్డెన్ వస్తుందేమో చూసేది, మిగతా ఇద్దరం చదివేవాళ్లం.

రెండో భాగం ‘న్యూ మూన్’ దొరికినప్పుడు ఇంకో తమాషా జరిగింది. అందులో ఎడ్వర్డ్ వదిలేసి వెళ్లిపోతాడు. ఆ తర్వాత పేజీ తిప్పితే ‘అక్టోబర్’ అని ఒక్క మాట తప్ప ఏమీ లేదు. ఇంకో పేజీ తిప్పితే ‘నవంబర్’. అలా జనవరి దాకా. మా రూమ్మేట్ లబోదిబోమంది, షాపువాడు ఖాళీ పేజీలు కుట్టి అంటగట్టాడని! అది ప్రింటింగ్ తప్పు కాదనీ, ఆ నాలుగు నెలలూ బెల్లాకి చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదనీ మాకు అర్థమయ్యాక గదిలో ఎవరం మాట్లాడలేదు. కథ చెప్పకుండా కూడా కథ చెప్పొచ్చని నాకు తెలిసింది అప్పుడే.

ఇంతకీ మమ్మల్ని అంతగా పట్టేసింది ఏంటి? కోరలు కాదు, అది మాత్రం ఖాయం. ఆ కాలేజీలో ప్రతి శనివారం టెస్టు, ప్రతి సోమవారం గోడ మీద ర్యాంకుల లిస్టు. ర్యాంకు మారితే సెక్షన్ మారేది, సెక్షన్ మారితే పలకరించేవాళ్లు మారిపోయేవాళ్లు. అలాంటి చోట, ర్యాంకూ మార్కులూ ఏమీ అడక్కుండా, క్లాసులో అందరి మనసులూ చదవగలిగినా ఒక్క అమ్మాయి మనసు మాత్రం చదవలేక తల బద్దలుకొట్టుకునే అబ్బాయి! బెల్లా పెద్ద అందగత్తె ఏం కాదు. ఆటలు రావు, చదును నేల మీద నడుస్తూ కూడా పడిపోతుంది. అయినా వందేళ్లు బతికినవాడికి ఆ అమ్మాయే అర్థం కాని ప్రశ్న. ‘నన్ను కూడా ఎవరైనా అర్థం చేసుకోవాలని అంత తాపత్రయపడితే బావుండు’ అనిపించని పదహారేళ్ల పిల్ల ఉంటుందా? ఈ పుస్తకాలకి అసలు పెట్టుబడి ఆ ఆకలే.

కలలో పుట్టిన కథ

కాస్త చరిత్ర. బోర్ కొట్టించను, ప్రామిస్.

ఇంగ్లిష్ కథల్లో దర్జాగా డ్రెస్సేసుకుని పార్టీలకొచ్చే రక్తపిశాచి 1819లో పుట్టాడు, జాన్ పోలిడోరి రాసిన కథలో. 1897లో బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ వచ్చింది. అప్పుడు వాంపైర్ అంటే భయం. వాడు కిటికీ దగ్గరికొస్తే వెల్లుల్లి వేలాడదీసేవాళ్లు. తర్వాత వందేళ్లలో మెల్లగా కిటికీ తెరుచుకుంది. 1990లో ఆనెట్ కర్టిస్ క్లాజ్ ‘ది సిల్వర్ కిస్’, 1991లో ఎల్.జె. స్మిత్ ‘వాంపైర్ డైరీస్’ వచ్చాయి. అంటే ‘ట్వైలైట్’ కంటే ముందే టీనేజ్ అమ్మాయిలకీ వాంపైర్లకీ పరిచయమైపోయిందన్నమాట.

2003 జూన్ 2న అమెరికాలో స్టెఫనీ మేయర్ అనే ముగ్గురు పిల్లల తల్లికి ఒక కల వచ్చింది. గడ్డిమైదానంలో ఒక అమ్మాయి, ఎండలో మెరిసిపోతున్న ఒక వాంపైర్, ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. లేచి రాసుకుంది. మూడు నెలల్లో నవల పూర్తయింది. ఎండ తగలని ఊరు కావాలి కాబట్టి అమెరికాలో బాగా వాన కురిసే చోటు ఎక్కడా అని నెట్‌లో వెతికితే వాషింగ్టన్ రాష్ట్రంలో ఫోర్క్స్ అనే చిన్న ఊరు దొరికింది. 2005లో పుస్తకం, 2008లో సినిమా. నాలుగు భాగాలూ కలిపి పది కోట్ల కాపీలు దాటిపోయాయి. ఆ ఊపులో వచ్చినవాటికి లెక్కే లేదు. ఒక్క 2009లోనే ‘షివర్’, ‘హష్ హష్’, ‘ఫాలెన్’ మూడూ దిగాయి.

సరే, ఇదంతా వాళ్ల గోల, మనకేంటి అంటారా? ఆగండి.

అయిదొందల ఏళ్ల కిందట అల్లసాని పెద్దన రాసిన ‘మనుచరిత్ర’ కథ గుర్తుచేసుకోండి. ప్రవరుడు ఒక మామూలు గృహస్థు. సిద్ధుడు ఇచ్చిన లేపనం కాళ్లకి పూసుకుని హిమాలయాలకి వెళ్తాడు. మంచులో ఆ పూత కరిగిపోతుంది. అంటే తిరుగు టికెట్ పోయిందన్నమాట. అక్కడ వరూధిని కనిపిస్తుంది. మనిషి కాదు, అప్సరస. మనసు పడుతుంది. మన దగ్గర పారానార్మల్ ఎవరంటే అమ్మాయి! ఆ పిల్ల ఎంత బతిమాలినా ప్రవరుడు ‘నాకు ఇల్లుంది, నేను వెళ్లాలి’ అంటాడు, వెళ్లిపోతాడు. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. వరూధిని అంతకుముందు కాదన్న గంధర్వుడొకడు ప్రవరుడి రూపం వేసుకుని వస్తాడు. ఆ అమ్మాయి నమ్మేస్తుంది. చిన్నప్పుడు దీన్ని పాఠంలా చదువుకున్నాం. ఇప్పుడు రివ్యూ రాసే కళ్లతో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ అమ్మాయి ‘అవును’ అన్నది ఎవరితో? ఎదురుగా ఉన్నవాడితోనా, వాడు వేసుకున్న ముఖంతోనా?

ఇక 1990లో వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ సంగతి చెప్పేదేముంది! మానససరోవరంలో ఉంగరం పోగొట్టుకున్న ఇంద్రుడి కూతురు, ఆ ఉంగరం దొరికిన టూరిస్ట్ గైడు. పక్కా పారానార్మల్ రొమాన్స్. మా అమ్మ ఆ సినిమా టీవీలో ఎప్పుడొచ్చినా కదలదు. మా ఇంట్లో ఈ రుచి నాతో మొదలు కాలేదని అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటాను. అమ్మ మొదట చదివిన నవల యండమూరి ‘తులసిదళం’ కూడా, అది రాత్రిపూట ఒంటరిగా చదవలేక పగలే చదివిందట. కాబట్టి మానవాతీతం మనకి కొత్త కాదు, ప్రేమా కొత్త కాదు. రెండూ కలిసి ఇంగ్లిష్‌లో వచ్చేసరికి కొత్తగా కనిపిస్తున్నాయంతే.

ఎక్కిరింపూ కాదు, హారతీ కాదు

ఈ పుస్తకాల మీద రాసేవాళ్లు మామూలుగా రెండు రకాలు. ఒకళ్లు ఎక్కిరిస్తారు. ‘వాంపైర్ ఎండలో జిగేల్‌మంటాడట, హిహిహి.’ ఇంకొకళ్లు హారతి పడతారు. ‘ఎడ్వర్డ్ నా ప్రాణం, అయిదుకి ఆరు స్టార్లు.’ రెండూ తేలికే, రెండు నిమిషాల్లో రాసేయొచ్చు. కానీ మొదటి రకం చదివితే ఆ పుస్తకం ఇష్టపడ్డ పిల్లకి సిగ్గేస్తుంది, ఇంకోసారి తనకేం నచ్చిందో ఎవరికీ చెప్పదు. రెండో రకం చదివితే ఏమీ తెలియదు.

అందుకే నాకంటూ నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాను. పుస్తకం అయ్యాక వాటికి జవాబులు రాస్తే చాలు, రివ్యూ దానంతటదే తయారవుతుంది.

మొదటి ప్రశ్న: కోరలు పీకేస్తే ఎవడు మిగులుతాడు?

హీరోకున్న శక్తులన్నీ తీసి పక్కన పెట్టండి. బలం, మెరుపు, వందేళ్ల వయసు, అన్నీ. అప్పుడు వాడు మన వీధి చివర ఉండే ఒక అబ్బాయి. ఇప్పుడు వాడు చేసిన పనులు మళ్లీ చదవండి.

‘ట్వైలైట్’లో ఎడ్వర్డ్ రోజూ రాత్రి బెల్లా గదిలోకి, ఆమెకి తెలియకుండా వచ్చి, ఆమె నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. మూడో భాగం ‘ఎక్లిప్స్’లో స్నేహితుడు జేకబ్‌ని చూడ్డానికి బెల్లా బయల్దేరుతుంటే బండి స్టార్టవదు. ఎడ్వర్డ్ ముందే ఇంజన్లో ఒక భాగం పీకేసి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు మరి! ఆమె మంచి కోసమేనట. బెల్లా కోపంతో గది కిటికీ దబాల్న మూసేస్తుంది. కాసేపటికి మళ్లీ తెరిచేస్తుంది. ఆ జేకబ్ కూడా తక్కువ తినలేదు, వద్దంటున్నా ముద్దు పెడతాడు. బెల్లా గుద్దితే ఆమె చెయ్యే విరుగుతుంది.

‘హష్ హష్’లో ఇంకా స్పష్టంగా ఉంటుంది. ప్యాచ్ పక్కన కూర్చోవడం నాకు ఇబ్బందిగా ఉంది, సీటు మార్చండి అని నోరా టీచర్ని అడుగుతుంది. మార్చడు. ఆ ఇబ్బందే మెల్లగా ప్రేమ అవుతుంది. తర్వాత తెలిసేదేంటంటే, మొదట్లో వాడి ప్లాను ఆ అమ్మాయిని చంపడం!

అయితే ఇక్కడితో ఆపేస్తే అది అన్యాయం. పుస్తకం పక్షాన కూడా మాట్లాడాలి. భయం, ఇష్టం కలిసి వచ్చే ఒక వయసుంది. నిజం జీవితంలో ఆ భయాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పుస్తకంలో అయితే ఎంత దగ్గరికెళ్లినా ఏం కాదు, నచ్చకపోతే మూసేయొచ్చు. పులిని బోను బయట నుంచి చూడ్డం లాంటిది. ఇంకో విషయం, ‘ఎక్లిప్స్’లోనే తర్వాత ఎడ్వర్డ్ తన పద్ధతి మార్చుకుంటాడు. జేకబ్ వాళ్ల ఊరి సరిహద్దు దాకా తనే బెల్లాని కారులో దింపుతాడు. ఆ మార్పుని చెప్పకుండా ఇంజన్ సంగతి ఒక్కటే చెప్పే రివ్యూ సగం అబద్ధం.

రచయిత్రికి కూడా ఈ మాటలు చేరాయి. 2015లో అదే కథని అమ్మాయి స్థానంలో అబ్బాయిని, అబ్బాయి స్థానంలో అమ్మాయిని పెట్టి ‘లైఫ్ అండ్ డెత్’ అని రాసింది. కష్టాల్లో పడే అమ్మాయి అన్న విమర్శకి అదే ఆవిడ జవాబు. చదివి చూడండి, సరదాగా ఉంటుంది. ఎడ్వర్డ్ చేస్తే ‘అబ్బా’ అనిపించిన పనే ఒక అమ్మాయి చేస్తుంటే ‘ఇదేంట్రా బాబూ’ అనిపించే చోట్లు తగులుతాయి. అక్కడ ఆగి, ఎందుకలా అనిపించిందో మనల్ని మనం అడుక్కోవాలి.

మేడ మీద ఒక మాట

ఈ మొదటి ప్రశ్నని నేనెందుకంత పట్టుకుని వేలాడతానో చెప్తాను.

మొన్న సంక్రాంతికి అందరం తెనాలిలో అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నాం. పిన్ని కూతురు ఇంటర్ సెకండియర్. నా దగ్గరే తీసుకుని ‘ట్వైలైట్’ నాలుగూ చదివేసింది. రాత్రి మేడ మీద పడుకున్నప్పుడు మెల్లగా మొదలెట్టింది.

“అక్కా, ఒకటి చెప్తా, అమ్మకి చెప్పకు.”

ఒకబ్బాయి. ట్యూషన్లో పరిచయం. మంచివాడే. కాకపోతే లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో పెట్టమంటాడు. ఇన్‌స్టా పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చింది. రాత్రి పదకొండుకి ఆన్‌లైన్లో కనిపిస్తే ‘ఎవరితో?’ అని మెసేజ్. ఫ్రెండ్ పుట్టినరోజుకి వెళ్తానంటే రెండ్రోజులు మాట్లాడలేదు.

“కేర్ కదక్కా అది? ఎడ్వర్డ్ కూడా అంతేగా?” అంది.

ఆ క్షణంలో నాకు పెద్ద లెక్చర్ ఇవ్వాలనిపించింది. ఇచ్చుంటే ఆ పిల్ల మళ్లీ జన్మలో నాకేం చెప్పేది కాదు. అందుకే పుస్తకం గురించే మాట్లాడాను.

“ఎడ్వర్డ్ ఇంజన్ పీకేశాడు చూడు, ఆ పని బెల్లా వాళ్ల నాన్న చేసుంటే?”

కాసేపు ఆలోచించింది. “పోయిన్నెల నాన్న నా స్కూటీ తాళం దాచేస్తే నేను ఒక పూట అన్నం మానేశా.”

“మరి ఎడ్వర్డ్ చేస్తే?”

“...కిటికీ తెరిచేసింది.”

“ఎందుకు తెరిచిందంటావ్?”

జవాబు చెప్పలేదు. నేనూ రెట్టించలేదు. కింద నుంచి పిన్ని ‘చలిలో ఏం ముచ్చట్లే, పడుకోండి’ అని కేకేసింది. ఆ రాత్రికి అంతే.

మూడు వారాల తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. ‘పాస్‌వర్డ్ మార్చేశా అక్కా.’ వెంటనే ఇంకోటి. ‘కానీ ఎడ్వర్డ్ ఇంకా ఇష్టమే. ఏం చేస్తావో చేస్కో.’ ఫోన్ పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ అబ్బాయి సంగతి ఏమైందని నేను అడగలేదు, చెప్పాలనిపిస్తే తనే చెప్తుంది. ఎడ్వర్డ్‌ని ఇష్టపడుతూనే పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. ఈ పుస్తకాల మీద నేను రాసిన రివ్యూలన్నిటికీ సారాంశం అడిగితే ఆ రెండు మెసేజ్‌లే చూపిస్తాను.

రెండో ప్రశ్న: మాయకి ధర ఎంత?

మన జానపద కథల్లో వరం ఊరికే రాదు. వరంతోపాటే ఒక షరతు ఉంటుంది. మంచి పారానార్మల్ నవలల్లోనూ అంతే. శక్తి ఉంటే దానికి ఏదో ఒకటి చెల్లించాలి. చెల్లించక్కర్లేని శక్తి ఉంటే కథ చప్పబడిపోతుంది.

ఈ విషయంలో నాకు బాగా నచ్చింది మ్యాగీ స్టీఫ్‌వేటర్ ‘షివర్’. మినెసోటా చలిలో జరిగే కథ. సామ్ వేసవిలో మనిషి, పుస్తకాల షాపులో పని చేసుకుంటాడు. చలి పెరిగితే తోడేలు. పౌర్ణమి గొడవ లేదు, ఉన్నదంతా థర్మామీటరే. పైగా ఏడాదికేడాదికీ మనిషిగా ఉండే కాలం తగ్గిపోతుంది. ఏదో ఒక ఏడు వసంతం వచ్చినా మనిషిగా మారడు. ప్రతి అధ్యాయం మొదట్లో ఆ రోజు ఉష్ణోగ్రత వేసి ఉంటుంది. చదువుతుంటే ముందు ఆ అంకె మీదకే కళ్లు పోతాయి. అంకె తగ్గితే గుండె జారుతుంది. తెనాలి ఎండల్లో, ఫ్యాను కింద చెమటలు కక్కుతూ చదివి కూడా నేను చలికి భయపడ్డాను. హీరో బలం ఎక్కడా ఊదరగొట్టకుండా, వాడి దగ్గర టైమ్ లేదన్న ఒక్క సంగతితో నడిపించిన ప్రేమకథ అది.

మూడో ప్రశ్న: వాడు లేకపోతే ఆ పిల్ల ఏం చేస్తుంది?

హీరోని పూర్తిగా తీసేసినా హీరోయిన్‌కి చెప్పుకోవడానికి ఒక కథ మిగలాలి. మిగిలితే ఒక స్టార్ ఎక్కువ ఇస్తాను.

‘న్యూ మూన్’ ఖాళీ పేజీలు నాకిష్టం అన్నాను కదా. రాత పరంగా అవి గొప్పవే. కానీ ఈ ప్రశ్న వేస్తే అవే పేజీలు భయపెడతాయి. వాడు వెళ్లిపోతే నాలుగు నెలల జీవితం మొత్తం ఖాళీయేనా? ఒకే చోట మెచ్చుకోలూ ఫిర్యాదూ రెండూ రాయాల్సి రావడం రివ్యూ రాసేవాళ్లకి తరచూ ఎదురయ్యే సంగతే. రెండూ రాయాలి.

దీనికి ఎదురుగా రిషెల్ మీడ్ ‘వాంపైర్ అకాడమీ’ పెట్టి చూడండి, 2007లో వచ్చింది. రోజ్ సగం మనిషి, సగం వాంపైర్. ఆమె పని తన ప్రాణస్నేహితురాలు లిస్సాని కాపాడటం. కథకి వెన్నెముక ఆ ఇద్దరమ్మాయిల స్నేహం, ప్రేమ దాని తర్వాతే. రోజ్ నోటికి తాళం ఉండదు, దెబ్బలాటలో ముందుంటుంది, పడినా లేస్తుంది. మా హాస్టల్లో ఇలాంటి పిల్ల ఒకతి ఉండేది, అందుకేనేమో నాకు చుట్టంలా అనిపించింది. ఇందులోనూ నాకు మింగుడుపడనిది ఒకటుంది. రోజ్‌కి పదిహేడు, ఆమె మనసు పడ్డ దిమిత్రికి ఇరవై నాలుగు, పైగా శిక్షణ ఇచ్చే గురువు. ఇది తప్పని ఆ ఇద్దరికీ తెలుసు, పుస్తకానికీ తెలుసు. అయినా రివ్యూలో ఆ వాక్యం నేను రాయకుండా వదలను.

నాలుగో ప్రశ్న: ఎవరి ఊరు, ఎవరి కథ?

‘ట్వైలైట్’లో జేకబ్ వాళ్ల తెగ పేరు క్విలియూట్. అది కల్పన కాదు. ఫోర్క్స్ దగ్గర్లో సముద్రం ఒడ్డున లా పుష్ అనే చోట నిజంగా ఉన్న ఆదివాసీ తెగ. తమ పూర్వీకులు తోడేళ్ల నుంచి మనుషులుగా మారారన్న కథ వాళ్లకి ఉంది. కానీ నవల్లో వాంపైర్లతో ఒప్పందాలూ, పసిపిల్ల మీద మనసు ముద్రపడటాలూ రచయిత్రి కల్పించినవి. ప్రపంచమంతా ఆ కల్పనల్నే వాళ్ల సంప్రదాయం అనుకుంది. అదే సమయంలో వాళ్లు నిజంగా పోరాడుతున్నది సునామీ ముప్పు నుంచి తమ ఇళ్లనీ బడినీ ఎత్తయిన చోటికి మార్చుకోవడానికి. అందుకు భూమి ఇచ్చే చట్టం 2012లో వచ్చింది. టీషర్టుల మీద తోడేలు బొమ్మ వేసుకున్నవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసుంటుంది?

ఈ ప్రశ్న మన దాకా కూడా వస్తుంది. 2011లో కొలీన్ హౌక్ ‘టైగర్స్ కర్స్’ వచ్చింది. అమెరికాలో ఒక సర్కస్, అందులో తెల్లపులి. ఆ పులి నిజానికి మూడొందల ఏళ్ల కిందటి భారతీయ రాజకుమారుడు. రోజుకి 24 నిమిషాలు మాత్రమే మనిషిగా ఉండగలడు. కెల్సీ అనే అమెరికన్ అమ్మాయి వాడితోపాటు ఇండియా వస్తుంది. దుర్గాదేవి, హంపి, కిష్కింధ అన్నీ వస్తాయి. మొదటిసారి చదువుతున్నప్పుడు హంపి పేరు చూసి లేచి కూర్చున్నాను. మన పెద్దన పద్యాలు విన్న రాయలవారి ఊరు కదా అది! ఒక ఇంగ్లిష్ ప్రేమకథలో మన రాళ్లు, మన గుళ్లు కనిపిస్తే వచ్చే సంబరం నిజమైందే. కానీ అవన్నీ టూరిస్టు కళ్లతోనే కనిపిస్తాయి. ఆ ఊరి అమ్మాయికి ఆ పులిని చూస్తే ఏమనిపించేదో ఆ పుస్తకంలో దొరకదు.

ఆ లోటు కొంత తీర్చింది రోషనీ చోక్షీ. 2016లో వచ్చిన ‘ది స్టార్-టచ్డ్ క్వీన్’లో హీరోయిన్ పేరు మాయ. చెడ్డ జాతకంతో పుట్టిన రాజకుమార్తె. జాతకం పేరు చెప్పి ఒక పిల్లని చిన్నచూపు చూడటం ఎలా ఉంటుందో మనకి ఫుట్‌నోట్ పెట్టి చెప్పాలా? ఆ పుస్తకం చదువుతుంటే నాకు డిక్షనరీ కంటే మా నాయనమ్మ మాటలే ఎక్కువ పనికొచ్చాయి.

స్టార్లు ఎన్ని?

‘ఇన్ని ప్రశ్నలు వేస్తే ఇంక చదవడంలో మజా ఏముంటుంది?’ అని ఒక ఫ్రెండ్ అడిగింది. మజా తగ్గదు, నిజం. వంట వచ్చినవాళ్లు బిర్యానీ తినడం మానేస్తారా? ఇంకా ఇష్టంగా తింటారు, కాకపోతే దమ్ము సరిగ్గా పడిందా లేదా అన్నది మొదటి ముద్దకే తెలిసిపోతుంది.

నేను చదివేటప్పుడు ఈ ప్రశ్నలేవీ పట్టించుకోను. మొదటిసారి మామూలు పిల్లలాగే చదువుతాను. ఏడవాల్సిన చోట ఏడుస్తాను, వాడు కిటికీలోంచి వస్తే దిండు కావలించుకుంటాను. పుస్తకం మూసి, మర్నాడు కాఫీ తాగుతూ పెన్ను తీస్తాను. రాత్రి చదివిన పిల్లా, పొద్దున రాసే పిల్లా ఇద్దరూ నేనే. రివ్యూలో ఇద్దరి సంతకం ఉండాలి. రాత్రి పిల్ల లేని రివ్యూ పరీక్ష పేపర్ దిద్దినట్టుంటుంది. పొద్దున పిల్ల లేని రివ్యూ అడ్వర్టయిజ్‌మెంట్ అవుతుంది.

ఇక నాకున్న ఒకే ఒక్క దిగులు చెప్పనా? ఇన్ని రివ్యూలు తెలుగులో రాశాను, అన్నీ ఇంగ్లిష్ పుస్తకాల మీదే. వరూధినిని కన్న భాష ఇది, అతిలోకసుందరిని తెర మీదకి దింపిన భాష ఇది. రాత్రిపూట చదవలేక మా అమ్మ పగలు చదివిన నవలలున్న భాష. ఈ భాషలో ఇవాళ్టి పదహారేళ్ల పిల్ల కోసం ఒక కథ నాకు కావాలి. ఫోర్క్స్ వానలు అక్కర్లేదు. దివిసీమ తుఫాను వానలు చాలు, లంబసింగి పొగమంచు చాలు. ఇంటర్ హాస్టల్ మేడ మీద, స్టడీ అవర్ అయిపోయాక కనిపించే ఒకడో, ఒకతో... మనిషి మాత్రం కాదు. ఎవరో మీరే రాయండి. ఫోన్లో నోట్స్ యాప్‌లో రాసినా పర్లేదు.

రాసి నాకు పంపండి. రాత్రికి చదువుతాను. పొద్దున్నే ఆ నాలుగు ప్రశ్నలూ అడుగుతాను. మొహమాటం ఉండదు, ముందే చెప్తున్నా!